అడిగినదాని కంటే పై మోడల్ చూపించాలంటే నోరు రావట్లేదు

కొత్త_కౌంటర్

అందరికీ నమస్కారం. ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో చేరి నాలుగు నెలలైంది. ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషిన్లు ఉన్న కౌంటర్ నాది. వస్తువు గురించి చెప్పడానికి భయం లేదు, మోడళ్లన్నీ ఇంట్లో కూర్చుని చదువుకున్నాను. కానీ ఎవరైనా ఒక మోడల్ పేరు చెబితే అదే తీసి బిల్లు వేసేస్తున్నాను. దానికంటే పైది చూపించాలన్నా, బిల్లు దగ్గర ఎక్స్‌టెండెడ్ వారంటీ మాట ఎత్తాలన్నా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. వాళ్ల జేబులో చెయ్యి పెడుతున్నట్టు ఉంటుంది.

పది బిల్లుల్లో మూడింటికి వారంటీ ఉండాలన్నది మా టార్గెట్. నాది ఒకటి దాటడం లేదు. పక్క కౌంటర్ అన్నకి ఐదు దాకా వస్తాయి. ఆయన మాట్లాడేది విన్నాను. "ఇంత పెట్టి కొంటూ దీనికి వెనకాడతారా సార్" అంటాడు. చాలామంది తలూపేస్తారు. నాకు ఆ మాట రాదు, రావాలని కూడా లేదు. అలాగని ఉద్యోగం పోగొట్టుకోలేను. అంటగట్టకుండా అమ్మడం అనేది నిజంగా ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సూటిగా

చూపించడం మీ పని, కొనాలో వద్దో తేల్చుకోవడం వాళ్ల పని. వచ్చినవాళ్లు చిన్నపిల్లలు కాదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మీరు అడగకపోతే టార్గెట్ ఎలా వస్తుంది? మొహమాటం వదిలేయండి.

ముప్పైఏళ్ల_కౌంటర్

తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. చెప్పకుండా ఊరుకోవడమే మంచితనం అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒక కస్టమర్ వల్ల ఆ అభిప్రాయం మారింది.

ఆయన కూతురి డాన్స్ ప్రోగ్రాం వీడియో తీయాలని కెమెరా కొన్నాడు. మెమరీ కార్డు ఇంట్లో పాతది ఉందన్నాడు. ఇంకొకటి కొనమంటే అంటగడుతున్నాననుకుంటాడేమోనని నోరు మూసుకున్నాను. 4కె వీడియోకి వేగంగా రాసే కార్డు కావాలి. వీ30 అని గుర్తున్న కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాస్తుంది. ఆయన దగ్గరున్నది అలాంటిది కాదు. పాప వేదిక మీదకు వచ్చిన కాసేపటికే రికార్డింగ్ ఆగిపోయింది. తర్వాత షాపుకి వచ్చాడు. అరవలేదు. "మీకు తెలుసు కదా, ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాడు. ఆ ప్రోగ్రాం మళ్లీ జరగదు. ఆ రోజు నేను మిగిల్చిన డబ్బు ఆయనకు ఎందుకూ కొరగాలేదు.

అందుకే చెబుతున్నా, ఊరుకోవడం కూడా ఒక తప్పే. అయితే ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి? నేను పెట్టుకున్న గీటురాయి ఒకటే. ఈ వస్తువు కొన్నాక దీన్ని మార్చుకునే వీలుందా? సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. తర్వాత పెంచుకోవాలంటే కుదరదు. వీడియో ఎడిటింగ్ చేస్తానన్న పిల్లాడికి తక్కువ ర్యామ్ మోడల్ ఇచ్చి పంపితే రెండేళ్లకే మిషన్ మార్చాలి. అక్కడ పై మోడల్ గట్టిగా చెప్పు, మొహమాటపడకు. అదే ఫోటోలు దాచుకోవడానికి చోటు చాలదేమో అన్న అనుమానమైతే, బయట పెట్టుకునే డిస్కు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. "ఇప్పుడు వద్దండి, నిండాక రండి" అని చెప్పు. బ్యాగు, మౌసు, కీబోర్డు కవరు ఇలాంటివన్నీ రేపు కూడా దొరుకుతాయి.

ఇంకొకటి. మోడల్ పేరుతో వచ్చినవాడిని ముందు మోడల్ గురించి అడగకు. ఎవరు వాడతారు, దేనికి వాడతారు, ఇప్పుడున్నదానితో ఏం ఇబ్బంది పడుతున్నారు, ఇవి అడుగు. ఆ జవాబులు వినకుండా పైది చూపిస్తే అది నీ టార్గెట్ కోసమే అవుతుంది. విన్నాక చూపిస్తే ఆయన మాటే ఆయనకి తిరిగి చెప్పినట్టు ఉంటుంది. గొంతులో అడ్డం పడేది అక్కడే పోతుంది, నాకు అలాగే పోయింది.

రిపేరు_బల్ల

పైన అన్న చెప్పిన గీటురాయి బాగుంది. కౌంటర్‌లో చెప్పిన మాటలు చివరికి మా బల్ల మీదకే వస్తాయి కాబట్టి నా వైపు సంగతి చెబుతాను.

వాషింగ్ మెషిన్ మీద "10 ఏళ్ల వారంటీ" అని పెద్ద స్టిక్కర్ ఉంటుంది. చాలా కంపెనీల్లో అది మోటారుకి మాత్రమే. నాలుగో ఏట కంట్రోల్ బోర్డు పోయినప్పుడు మనిషి ఆ స్టిక్కర్ పట్టుకుని వస్తాడు. మోటారు తప్ప మిగతావాటికి గడువు అయిపోయిందని చెప్పేటప్పుడు ఆ ముఖం చూడలేం. కౌంటర్‌లో ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, మోటారు అనే ఒక్క మాట మింగేశారంతే.

ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మేటప్పుడు ఆ కాగితంలో మూడు విషయాలు ముందు నువ్వు చదువు. కంపెనీ వారంటీ అయిపోయాక మొదలవుతుందా, కొన్న రోజు నుంచే లెక్కా? నీళ్లు పడితే, కింద పడి పగిలితే వర్తిస్తుందా? ఎక్కువ ప్లాన్లలో వర్తించదు, దానికి వేరే ప్లాన్ ఉంటుంది. రిపేరుకి మనిషి ఇంటికి వస్తాడా, వస్తువు మోసుకుని వెళ్లాలా? చిన్నపిల్లలున్న ఇంటికి ల్యాప్‌టాప్ కొంటున్న ఆవిడకి కావాల్సింది పడిపోవడానికి, తడిసిపోవడానికి రక్షణ. ఆవిడకి మామూలు వారంటీ పొడిగింపు అమ్మి పంపితే, కావాల్సినది తప్ప మిగతాదంతా అమ్మినట్టు.

ఇక హెచ్‌డీఎంఐ కేబుల్. టీవీ పక్కనే పెట్టుకునే పెట్టెకి మీటరు, రెండు మీటర్ల కేబుల్ చాలు. అందులో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. ఆ టీవీకి కావాల్సిన వేగం మోసే కేబుల్ అయితే బొమ్మ వస్తుంది, అంతకు మించి ఖరీదు పెట్టినా రంగులు పెరగవు. బంగారు పూత తుప్పు పట్టకుండా ఉండటానికే. "ఇది పెడితే బొమ్మ బాగుంటుంది" అని మాత్రం ఎప్పుడూ అనకు. ఇంటికెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లు ఉంటారు.

కొనేవైపు

నేను అమ్మే మనిషిని కాదు, కొనే మనిషిని. చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

మంచం మీద పరుపు కొనడానికి వెళ్లాం. పరుపు నచ్చింది, ధర ఖాయమైంది. బిల్లు దగ్గరికి వచ్చేసరికి పాప నా భుజం మీద నిద్రపోయింది, వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. అప్పుడు కవరు, దిండ్లు, మరకలు పడకుండా ఏదో పూత, డెలివరీలో ఇంకేదో అంటూ వరసగా అడగడం మొదలుపెట్టారు. మొదటిదానికి వద్దన్నాను. రెండోదానికి వద్దన్నాను. మూడోసారి వద్దనడానికి సిగ్గేసి సరేనన్నాను. ఆ సరే అవసరంతో అన్నది కాదు, మొహమాటంతో అన్నది. ఇంటికొచ్చి బిల్లు చూసుకుంటే ఒళ్లు మండింది. పరుపు ఇప్పటికీ బాగుంది, కానీ ఆ షాపు మెట్టెక్కలేదు.

నన్నెవరూ మోసం చెయ్యలేదు. అన్నీ అడిగే ఇచ్చారు. అయినా ఆ షాపు వాళ్ల మీద కోపం పోలేదు. "వచ్చినవాళ్లు చిన్నపిల్లలు కాదు" అన్న సూటిగా గారూ, నిజమే. కానీ అలసిపోయినవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, నలుగురిలో గట్టిగా వద్దనలేనివాళ్లు కూడా ఉంటారు. ఆ సంగతి తెలిసే బిల్లు దగ్గర అడుగుతారు.

సూటిగా

మీ అనుభవాన్ని కాదనను. కానీ కౌంటర్‌లో నిలబడ్డవాడి సంగతి కూడా చూడండి. మా దగ్గర జీతం కంటే ఇన్సెంటివ్‌తోనే ఇల్లు నడుస్తుంది. ఆ ఇన్సెంటివ్ యాడ్-ఆన్‌ల మీదే ఉంటుంది, ఎందుకంటే టీవీ మీద షాపుకి మిగిలేది తక్కువ, వారంటీ మీద, యాక్సెసరీల మీద మిగిలేది ఎక్కువ. ఆ లెక్క వేసింది మేం కాదు. రోజంతా కాళ్ల మీద నిలబడేవాడిని పట్టుకుని నీతి చెప్పడం తేలిక.

ఫ్లోర్_బాధ్యత

సూటిగా గారి మాటలో నిజం ఉంది. నేను ఫ్లోర్ చూసుకునే మనిషిని కాబట్టి ఒప్పుకుంటాను, తప్పు చాలాసార్లు లెక్క పెట్టే చోటే మొదలవుతుంది.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్ దగ్గర తమవి ఎనిమిది ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ఖాతా, కార్డు, అప్పు, ఏదైనా సరే మొత్తం ఎనిమిది. ఆ అంకె అందుకోలేని సిబ్బంది కస్టమర్లకి తెలియకుండానే వాళ్ల పేరు మీద ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, దాదాపు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశామని బ్యాంకే చెప్పింది. 2020లో కేసులు తేల్చుకోవడానికి మరో 300 కోట్ల డాలర్లు కట్టింది. ఆ 5,300 మందీ పుట్టుకతో మోసగాళ్లా? ప్రతి సాయంత్రం అంకె అడిగేవాళ్లు ఉన్నారు, అది ఎలా వచ్చిందని అడిగేవాళ్లు లేరు.

మా ఫ్లోర్‌లో నేను ఒక మార్పు చేశాను. వారంటీ ఎన్ని అమ్మారన్నది నెలాఖరున లెక్కపెట్టను. గడువులోగా రద్దు చేసుకున్నవి తీసేసి, మిగిలినవే వాళ్ల ఖాతాలో వేస్తాను. మొదటి నెల అంకెలు పడిపోయాయి, పైవాళ్లు నన్ను గట్టిగానే అడిగారు. తర్వాత మెల్లగా కుదురుకున్నాయి. ఎక్కువ అమ్మేవాడిగా పేరున్న ఒకతని లెక్క దాదాపు సగానికి తగ్గింది, నెమ్మదిగా మాట్లాడే అమ్మాయిది ఒక్కటి కూడా తగ్గలేదు. అప్పటిదాకా ఆ అమ్మాయినే నేను వెనకబడిందని మందలిస్తూ వచ్చాను. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

కొత్త_కౌంటర్

సార్, మీ ఫ్లోర్‌లో ఖాళీ ఉంటే చెప్పండి. నిజంగానే అడుగుతున్నాను.

చదువరి

మార్కెటింగ్ పాఠం చెప్పే ఉద్యోగం నాది. ఇక్కడ మాట్లాడుకుంటున్నవాటి వెనక పరిశోధనలు ఉన్నాయి, రెండు చెబుతాను.

1992లో సైమన్‌సన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి రెండు కెమెరాలు చూపించారు, చవకది ఒకటి, కాస్త పైది ఒకటి. సగం మంది ఒకటి, సగం మంది మరొకటి ఎంచుకున్నారు. ఇంకొందరికి ఈ రెండింటి పైన బాగా ఖరీదైన మూడోది కూడా చూపించారు. ఇప్పుడు మధ్యదాన్ని 57 శాతం, చవకదాన్ని 22 శాతం, ఖరీదైనదాన్ని 21 శాతం ఎంచుకున్నారు. చవకది, మధ్యది ఏమీ మారలేదు, పక్కన ఇంకొకటి వచ్చి నిలబడింది, అంతే. ఏ షోరూమ్‌లోనైనా మూడు మోడళ్లు వరసగా ఎందుకు పెడతారో దీన్ని బట్టి అర్థం చేసుకోండి. అమ్మాలని ఉన్నది చాలాసార్లు మధ్యదే.

రెండోది కొనేవైపు గారి పరుపు సంగతికి దగ్గరగా ఉంటుంది. 1981లో కానెమన్, ట్వెర్‌స్కీ ఒక ప్రశ్న అడిగారు. మీరు కాలిక్యులేటర్, జాకెట్ కొంటున్నారు. ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఇంకో బ్రాంచిలో కాలిక్యులేటర్ 5 డాలర్లు తక్కువ. వెళ్తారా? కాలిక్యులేటర్ 15 డాలర్లదైతే 68 శాతం వెళ్తామన్నారు. 125 డాలర్లదైతే 29 శాతమే. మిగిలేది రెండింట్లోనూ అదే 5 డాలర్లు. పెద్ద మొత్తం పక్కన చిన్న మొత్తం మనకు ఆనదు. "ఇంత పెట్టి కొంటూ దీనికి వెనకాడతారా" అన్న మాట సరిగ్గా ఆ బలహీనత మీద తగులుతుంది. పెద్ద బిల్లు ఖాయమైన మరుక్షణంలో అడిగిన కవరు చవగ్గా కనిపిస్తుంది. అదే కవరు కోసం మర్నాడు విడిగా వచ్చినవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు.

నా విద్యార్థులకు ఒక పని ఇస్తాను. అమ్మబోయే అదనపు వస్తువుని ఆ పెద్ద వస్తువు లేకుండా, విడిగా, పూర్తి ధరతో చెప్పి చూడమంటాను. అప్పుడు కూడా కొనదగ్గదనిపిస్తే ధైర్యంగా చెప్పమంటాను.

సూటిగా

మూడు వరసగా పెట్టడం కూడా తప్పంటారా?

చదువరి

లేదండి. మూడు పెట్టడం తప్పు కాదు, మధ్యదాని వైపు తోయడానికే పనికిరాని మూడోదాన్ని తెచ్చిపెడితే తప్పు. మూడింటికీ కొనే మనుషులు ఉండాలి. చవకదాన్ని అడిగినవాడికి దాన్ని బయటికి తీసి, పెట్టె విప్పి చూపించాలి. చాలా చోట్ల చవకది స్టాకు లేదంటారు, లేదా మూలన పెడతారు. అక్కడే నాకు మనసొప్పదు.

యాప్_తెరలు

ఆన్‌లైన్‌లో ఇదే సంగతి ఇంకా చెడ్డగా ఉంటుంది. కౌంటర్‌లో కనీసం ఒక మనిషి ముఖం కనబడుతుంది. నేను బిల్లింగ్ తెరలు డిజైన్ చేస్తాను. ఒక ప్రాజెక్టులో ఇన్సూరెన్స్ పెట్టెలో ముందే టిక్కు పెట్టమన్నారు. వద్దంటే "వద్దు, నా వస్తువు ఏమైపోయినా నాకు పర్వాలేదు" అని బటన్ రాయమన్నారు. రాశాను. ఆ ఉద్యోగం మానేసి చాలాకాలమైనా ఆ బటన్ నన్ను వదల్లేదు.

ఇలాంటివాటికి డార్క్ ప్యాటర్న్‌లు అనే పేరు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ పెట్టాడు. ముందే టిక్కు పెట్టి అదనపు డబ్బు వసూలు చెయ్యకూడదని ఐరోపా యూనియన్ 2011లో చట్టం చేసింది, 2014 జూన్ నుంచి అమల్లో ఉంది. అలా కట్టించుకుంటే కొన్నవాడు ఆ డబ్బు వెనక్కి అడగవచ్చు. 2023 నవంబరులో భారత్ కూడా మార్గదర్శకాలు ఇచ్చి 13 రకాలను గుర్తించింది. అడగకుండా బుట్టలో సరుకు చేర్చడం, వద్దన్నవాడిని సిగ్గుపడేలా చెయ్యడం రెండూ అందులో ఉన్నాయి.

ఇప్పుడు నేను గీసే తెరల మీద 'వద్దు' బటన్, 'కావాలి' బటన్ ఒకే సైజులో, ఒకే రంగులో ఉంటాయి. దీనికి ఒప్పుకోని క్లయింట్లను రెండుసార్లు వదులుకున్నాను.

అప్పుల_ఫైల్

బ్రిటన్‌లో అప్పులతో పాటు అమ్మిన పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉద్యోగం పోతేనో, జబ్బు చేస్తేనో వాయిదాలు కట్టే బీమా. ఆలోచన మంచిదే. కానీ సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకి, ఎప్పటికీ క్లెయిమ్ చేసుకోలేనివాళ్లకి కూడా అమ్మారు. తమ పేరు మీద అలాంటిది ఉందని కూడా చాలామందికి తెలియదు. ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29 చివరి గడువు పెట్టారు. బ్యాంకులు తిరిగి కట్టింది మొత్తం 3,800 కోట్ల పౌండ్లు దాటింది. ఒక్క సంతకం ఎక్కువ పెట్టించినందుకు అంత.

ముప్పైఏళ్ల_కౌంటర్

పెద్ద పెద్ద విషయాలు వచ్చాయి, మంచిదే. తమ్ముడికి పనికొచ్చేది ఒకటి మిగిలింది, అదనపు వస్తువు మాట ఎప్పుడు ఎత్తాలన్నది. పరుపు చెల్లెమ్మ కష్టం అంతా సమయం వల్ల వచ్చిందే. బిల్లు దగ్గర ఎత్తకు. వస్తువు చూపిస్తున్నప్పుడే, కూర్చుని ఉన్నప్పుడే, వెనక ఎవరూ లేనప్పుడే చెప్పు. ఒక్కసారే చెప్పు. వద్దంటే "సరేనండి" అని అక్కడితో ఆపెయ్యి, ఎందుకు వద్దని అడగకు. మళ్లీ ఇంకో పేరుతో అదే తీసుకురాకు. రెండోసారి అడిగి తెచ్చుకున్న అమ్మకాల్లో సగం నా చేతులతోనే తిరిగి తీసుకున్నాను.

కొత్త_కౌంటర్

మూడు వారాలైంది, జరిగింది రాస్తున్నాను.

ముందు వారంటీ కాగితాలు నాలుగూ పూర్తిగా చదివాను. అందులో ఒకటి కొన్న రోజు నుంచే మొదలవుతుందని నాకే తెలియదు. అంటే మొదటి ఏడాది కంపెనీ వారంటీతో పాటు వృథాగా నడుస్తుంది. దాన్ని మూడేళ్ల వారంటీ అని నేనే ఇద్దరికి చెప్పాను. బిల్లులో నంబర్లు చూసి వాళ్లకి ఫోన్ చేశాను. ఒకాయన రద్దు చేసుకున్నాడు. ఇంకొకావిడ ఉంచుకుంటానంది, ఫోన్ చేసినందుకు రెండుసార్లు థాంక్స్ చెప్పింది.

పోయిన శనివారం ఒక పెద్దాయన మనవరాలికి ల్యాప్‌టాప్ కొనడానికి వచ్చాడు. పేపర్ మీద ఒక మోడల్ రాసుకొచ్చాడు, చవకది. ఎప్పటిలా తియ్యబోయి ఆగాను. "పాప ఏం చదువుతోందండీ?" అన్నాను. ఆర్కిటెక్చర్ అన్నాడు. ఇంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వాడాలంటే ఇందులో ర్యామ్ చాలదనీ, తర్వాత పెంచే వీలు కూడా లేదనీ చెప్పి పై మోడల్ చూపించాను. ఆయన చాలాసేపు రెండూ చూశాడు. "నువ్వే చెప్పకపోతే ఇదే తీసుకెళ్లేవాణ్ని" అన్నాడు. పైది తీసుకున్నాడు. బ్యాగు కూడా కావాలా అని ఆయనే అడిగితే పెట్టెలోనే ఒకటి వస్తుందని చెప్పాను. నా గొంతులో అడ్డం ఏమీ పడలేదు.

వారంటీ లెక్క పదికి రెండు దాకా వచ్చింది. ఇంకా మూడు కాలేదు. మా మేనేజర్‌తో రద్దయినవి తీసేసి లెక్కపెట్టే సంగతి కదిపాను. చూద్దాం అన్నారు, అంతకు మించి ఏమీ అనలేదు.

సూటిగా

ఆ ఇద్దరికీ ఫోన్ చెయ్యడం నేనైతే చేసేవాణ్ని కాదు. మంచి పని చేశారు. ఆ నాలుగు కాగితాల్లో మీరు గమనించిన తేడాలు ఇక్కడ రాయగలరా? మా దగ్గర కూడా అలాంటి ప్లాన్ ఒకటి ఉంది, ఎప్పటి నుంచి మొదలవుతుందో నేను ఇప్పటిదాకా చూడలేదు.

కొత్త_కౌంటర్

రేపు సెలవు. కూర్చుని రాస్తాను.